ఆవిరి లైనుకు ఏ ట్రాప్? పైపులో ఆవిరి, నీరు, గాలి నడకను బట్టి ఎంచుకునే పద్ధతి

ఆవిరిని ఆపి, నీరైన భాగాన్నీ గాలినీ బయటికి వదిలే వాల్వే స్టీమ్ ట్రాప్. సికింద్రాబాద్ రాణీగంజ్‌లో దాన్ని కొనబోతే కౌంటర్ దగ్గర మొదట వినిపించే ప్రశ్న "ఎంత సైజు?" అరంగుళమా, ముప్పావు ఇంచా, ఇంచా అని చెబితే చేతికి ఒక ట్రాప్ వచ్చేస్తుంది. ఎక్కువసార్లు అది టీడీ (థర్మోడైనమిక్) ట్రాపే. దాన్నే హెడర్ (ప్రధాన ఆవిరి పైపు) చివర పెడితే ఏళ్ల తరబడి చక్కగా పనిచేస్తుంది. రియాక్టర్ జాకెట్ (పాత్ర చుట్టూ ఆవిరి తిరిగే పొర) కింద పెడితే మాత్రం బ్యాచ్ వేడెక్కదు. ఆపరేటర్ విసిగిపోయి బైపాస్ వాల్వు తెరిచి వదిలేస్తాడు, ఆవిరి నేరుగా కాలవలోకి పోతుంది. ఇందులో ట్రాప్ తప్పేమీ లేదు. ఆ చోట పైపులో ఏం నడుస్తోందో చూడకుండా కొన్నారు, అంతే.

జీడిమెట్ల, బొల్లారం, పాశమైలారం, చర్లపల్లి వైపు ఫార్మా, కెమికల్ యూనిట్లు, ఆసుపత్రుల స్టెరిలైజేషన్ గదులు, హోటల్ లాండ్రీలు, హాస్టల్ మెస్సులు, ఇలా 1 నుంచి 10 బార్ మధ్య ఆవిరి వాడేవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసిన పోలిక ఇది. ప్రెషర్లన్నీ గేజులో కనిపించే అంకెలే. వేరుగా చెప్పాల్సిన చోట చెప్పాం.

## ముందు పైపులో ఏం జరుగుతుందో

బాయిలర్ నుంచి బయలుదేరిన ఆవిరి దారి పొడవునా పైపు గోడకు వేడి ఇచ్చుకుంటూ పోతుంది. ఇచ్చిన మేరకు నీరవుతుంది. 7 బార్ దగ్గర ఒక కిలో ఆవిరికి 240 లీటర్ల చోటు కావాలి. అదే కిలో నీరైతే లీటరు పైచిలుకులో ఇమిడిపోతుంది. అందుకే బరువులో నీరు చెప్పుకోదగ్గంత ఉన్నా అడ్డంగా పరిచిన పైపులో అది అడుగున సన్నటి పాయగానే ఉంటుంది. దాని నెత్తిన ఆవిరి సెకనుకు 25 నుంచి 35 మీటర్ల వేగంతో పరుగెడుతుంది. కింద నీరు, పైన ఆవిరి, విడివిడి పొరలు. లైను ఇలా ఉన్నంతసేపూ ఏ ఇబ్బందీ లేదు.

ఈదురుగాలికి హుస్సేన్‌సాగర్ మీద అలలు లేచినట్టే ఆవిరి వేగానికి ఈ పాయ మీదా అలలు లేస్తాయి. కాకపోతే పైపుకు పైకప్పు ఉంది. అల లేచిన చోట ఆవిరికి దారి ఇరుకవుతుంది. ఇరుకులో వేగం పెరుగుతుంది, వేగం పెరిగిన చోట ప్రెషర్ పడిపోతుంది, ఆ పడిపోవడం అలను ఇంకా పైకి పీలుస్తుంది. నీటి బరువు దాన్ని కిందికి లాగుతుంది. పీల్చేదే గెలిస్తే అల పైపు కప్పును తాకి దారి మూసేస్తుంది. దీన్నే స్లగ్ అంటారు. వెనక ఉన్న ఆవిరి ఆ నీటి దిమ్మను తన వేగంతో ముందుకు నెడుతుంది. అది మొదటి బెండునో, వాల్వునో, ట్రాప్‌నో వెళ్లి గుద్దుతుంది.

ఏ వేగాల దగ్గర పొరలు స్లగ్‌గా మారతాయో చెప్పే పటాలు ఉన్నాయి. బేకర్ పటం 1954 నాటిది. టైటెల్, డక్లర్ 1976లో పైన చెప్పిన పీల్చుడు, బరువుల పోటీనే లెక్కగా కట్టారు. ఇవి ఉపయోగపడేవే గానీ, వాయువు నీరుగా మారిపోని ద్రవం, వాయువు జతలకు సరిపోయేవి. గాలి బుడగ నొక్కుకుపోతుందే తప్ప మాయం కాదు. ఆవిరి బుడగ చల్లటి నీటి మధ్య చిక్కుకుంటే క్షణంలో నీరై, ఆ చోటు ఖాళీ అయిపోతుంది. రెండు వైపుల నుంచి నీరు ఆ ఖాళీలోకి దూకి ఢీకొంటుంది. సెకనుకు 1 మీటరు వేగంతో వస్తున్న నీరు ఉక్కు పైపులో ఒక్కసారిగా ఆగితే పుట్టే అదనపు ప్రెషర్ సుమారు 12 బార్. 5 మీటర్ల వేగమైతే 60. 3 బార్ లైనులో గ్యాస్కెట్లు చిరగడానికీ, ఫ్లోట్ ట్రాప్‌లోని బంతి నొక్కుకుపోవడానికీ కారణం ఇదే. దీన్నే వాటర్ హ్యామర్ అంటారు. లైను ప్రెషర్ తక్కువే కదా అని ధీమాగా ఉండకూడదు.

ఇక గాలి. రాత్రి బాయిలర్ ఆపితే పైపులో ఆవిరి నీరై, లోపల వాక్యూమ్ వచ్చి, గ్లాండుల్లోంచి, ఫ్లాంజీల్లోంచి గాలి దూరుతుంది. పొద్దున వాల్వు తెరిస్తే ఆవిరి ఈ గాలిని ముందు తోసుకుంటూ వెళ్లి లైను చివర, జాకెట్‌లో ఆవిరి దారికి ఎదురు మూలన కుక్కేస్తుంది. గాలి కలిసిన ఆవిరిని గేజు పట్టుకోలేదు. మొత్తం ప్రెషర్ 4 బార్ అబ్సొల్యూట్ (గేజు అంకెకు వాతావరణ పీడనం కలిపినది) ఉండి అందులో పావు వంతు గాలి అయితే, ఆవిరి వాటా 3 బారే. ఉండాల్సిన 144 డిగ్రీలకు బదులు 133 డిగ్రీల చిల్లరే వస్తుంది. గేజు మాత్రం "అంతా బాగుంది" అంటుంది.

హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉంది. ఇక్కడ వాతావరణ పీడనం సుమారు 0.95 బార్. ఆటోక్లేవ్ (ఆవిరితో స్టెరిలైజ్ చేసే పెట్టె) వాడేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. 121 డిగ్రీలు రావాలంటే 2.05 బార్ అబ్సొల్యూట్ కావాలి. తీరప్రాంతంలో గేజు 1.04 చూపితే సరిపోతుంది, ఇక్కడ 1.10 చూపాలి. తీరప్రాంతపు అంకెనే పట్టుకుంటే దాదాపు ఒక డిగ్రీ తక్కువలో స్టెరిలైజ్ చేస్తున్నట్టు. అందుకే సైకిల్‌ను గేజుతో కాదు, డ్రెయిన్ దగ్గరున్న టెంపరేచర్ ప్రోబ్‌తో నడపాలి.

## కొనే ముందు తేల్చుకోవాల్సినవి

ట్రాప్‌కు అటూ ఇటూ ప్రెషర్ తేడా. బాయిలర్ ప్రెషర్‌తో పని లేదు. ట్రాప్ ముందు ఎంత, వెనక ఎంత అన్నదే లెక్క. ట్రాప్ తర్వాత కండెన్సేట్ (ఆవిరి చల్లారి నీరైనది) లైను పైకి ఎక్కితే ప్రతి మీటరుకూ 0.1 బార్ చొప్పున వెనక ప్రెషర్ కలుస్తుంది. 5 మీటర్ల పైప్ ర్యాకు ఎక్కి, అక్కడి రిటర్న్ హెడర్‌లో 0.3 బార్ ఉంటే వెనక 0.8 బార్ అయినట్టు.

లోడు, అంటే గంటకు ట్రాప్ వదలాల్సిన నీరు. అందులోనూ రెండు లోడ్లు, వార్మప్‌ది, నడిచేటప్పటిది. 100 మి.మీ. లైను 50 మీటర్లు అనుకుందాం. మీటరుకు 16 కిలోల లెక్కన 800 కిలోల ఉక్కు. దాన్ని 30 నుంచి 170 డిగ్రీలకు తేవడానికి దాదాపు 55,000 కిలోజౌళ్లు కావాలి. 7 బార్ ఆవిరి కిలోకు 2,048 కిలోజౌళ్లు ఇస్తుంది. అంటే 27 కిలోల నీరు. అరగంటలో వేడి చేస్తే గంటకు 54 కిలోల రేటు. అదే లైను 50 మి.మీ. రాక్‌వూల్ చుట్టి వేడెక్కి నడుస్తున్నప్పుడు గంటకు 5, 6 కిలోలే. నడిచే లోడుకు కొన్న ట్రాప్ పొద్దుటిపూట మునిగిపోతుంది, స్లగ్‌లు అప్పుడే పుడతాయి. అలాగని మరీ పెద్దది కొంటే టీడీ లాంటివి అనవసరంగా కొట్టుకుని త్వరగా అరుగుతాయి. లైన్ డ్రెయిన్లకు వార్మప్ లోడు చూసుకుని, వాల్వును నెమ్మదిగా తెరిచి ఆ లోడును తగ్గించుకోవడమే మంచి దారి.

గాలి ఎంత, ఎన్నిసార్లు. రోజంతా వేడిగా ఉండే మెయిన్ లైనుకు గాలి బెడద రోజుకొకసారి. బ్యాచ్‌కొకసారి ఆపి తెరిచే జాకెట్‌కు, ఆటోక్లేవ్‌కు ప్రతి సైకిల్‌లోనూ ఉంటుంది.

హ్యామర్ తాకే చోటా, కాదా. పొడవాటి లైను చివర, పల్లంగా దిగబడ్డ చోట, రైజర్ (నిలువుగా పైకెక్కే పైపు) అడుగున దెబ్బ తప్పదు.

నీరు నిలవొచ్చా. జాకెట్‌లో కండెన్సేట్ అంగుళం నిలిచినా ఆ మేరకు వేడి ఇచ్చే ఉపరితలం పోతుంది. ట్రేసర్ లైనులో (వేరే పైపును వెచ్చగా ఉంచే సన్నటి ఆవిరి గొట్టం) నిలిస్తే నష్టం లేదు, పైగా ఆ నీటి వేడి కూడా వాడుకున్నట్టే.

ఐదు రకాల ట్రాప్‌లు (ఒక్కోదాని వివరం కింద ఉంది) ఒక్క చూపులో ఇలా ఉంటాయి:

| | టీడీ | ఫ్లోట్ | ఇన్వర్టెడ్ బకెట్ | బ్యాలెన్స్‌డ్ ప్రెషర్ | బైమెటల్ |
|---|---|---|---|---|---|
| నీటిని వదిలే తీరు | విడతలుగా, ఆవిరి వేడి దగ్గరే | ఆగకుండా, ఆవిరి వేడి దగ్గరే | విడతలుగా, ఆవిరి వేడి దగ్గరే | కొంత చల్లారాక | బాగా చల్లారాక |
| గాలిని వదలడం | మధ్యస్తం, వేగంగా తెరిస్తే కష్టం | చాలా బాగు | నెమ్మది | చాలా బాగు | బాగు |
| హ్యామర్‌కు ఓర్పు | గట్టిది | తక్కువ | గట్టిది | ఓ మోస్తరు | గట్టిది |
| వెనక ప్రెషర్ | ముందున్న దానిలో 80 శాతం దాకా | తేడా ఉంటే చాలు | తేడా ఉంటే చాలు | తేడా ఉంటే చాలు | తెరిచే వేడి మారిపోతుంది |
| లోడు ఎగుడుదిగుడులు | పర్వాలేదు | అన్నిటికన్నా బాగు | పర్వాలేదు | నెమ్మదిగా స్పందిస్తుంది | మరీ నెమ్మది |
| చెడితే ఎక్కువగా | తెరుచుకుపోతుంది | మూసుకుపోతుంది | నీటి సీలు పోతే తెరుచుకుపోతుంది | క్యాప్సూల్ రకాన్ని బట్టి | ఎక్కువగా తెరుచుకుపోతుంది |

## టీడీ ట్రాప్

లోపల కదిలేది ఒక్క చిన్న డిస్కే. నీరు వస్తే డిస్కును లేపి బయటికి పోతుంది. నీటి వెనకే మరిగే నీరు, ఆవిరి వస్తే డిస్కు కింద వేగం పెరిగి ప్రెషర్ పడుతుంది. పై గదిలో చేరిన ఫ్లాష్ ఆవిరి (ప్రెషర్ పడగానే వేడి నీటి నుంచి పుట్టేది) డిస్కును కిందికి నొక్కి మూసేస్తుంది. పై గదిలోని ఆవిరి చల్లారి నీరైతే మళ్లీ తెరుచుకుంటుంది. అంటే ట్రాప్ తెరుచుకునే సమయాన్ని నిర్ణయించేది పై మూత ఎంత త్వరగా చల్లారుతుందన్నది కూడా.

జూన్ నుంచి సెప్టెంబర్ దాకా బయట ర్యాకుల మీద ఉన్న టీడీలు కారణం లేకుండా టకటకా కొట్టుకునేది అందుకే. వాన నీరు మూత మీద పడి పై గది వెంటనే చల్లారుతుంది, కండెన్సేట్ లేకపోయినా డిస్కు లేస్తుంది, ప్రతిసారీ కాస్త ఆవిరి పోతుంది, సీటు అరుగుతుంది. మూతకు తొడిగే చిన్న ఇన్సులేటింగ్ క్యాపు దొరుకుతుంది, బయటి ట్రాప్‌లన్నిటికీ తప్పక వేయించండి. ట్రాప్ మొత్తానికీ గ్లాస్‌వూల్ చుట్టేయడం మాత్రం తప్పు. అప్పుడు పై గది చల్లారక నీరు వెనక నిలుస్తుంది.

పొద్దున వాల్వు జోరుగా తెరిస్తే వేగంగా వచ్చే గాలి కూడా ఆవిరిలాగే డిస్కును మూసేస్తుంది. గాలి చల్లారి నీరయ్యేది కాదు కనుక మూసినది తెరుచుకోదు. గాలి పట్టేసిన టీడీ అంటే ఇదే. డిస్కు మీద సన్నటి గాడి ఉన్న రకం తీసుకుంటే ఈ బాధ తగ్గుతుంది. 0.25 బార్ కన్నా తక్కువ ప్రెషర్‌లో టీడీ నమ్మకంగా పనిచేయదు. వెనక ప్రెషర్ ముందున్న దానిలో 80 శాతం దాటితే మూసుకోవడమే మానేస్తుంది.

మెయిన్ లైను డ్రిప్ పాకెట్లకు (లైను అడుగున నీరు చేరే గుంటలకు) మా మొదటి ఎంపిక ఇదే. దెబ్బకు తట్టుకుంటుంది, చిన్నది, ధర తక్కువ, పెద్ద రిపేరు లేదు. డ్రిప్ పాకెట్ దాటి జాకెట్ల దాకా తీసుకెళ్లకపోతే చాలు.

## ఫ్లోట్ ట్రాప్

బోలుగా ఉన్న స్టీలు బంతి నీటి మట్టంతో లేచి వాల్వును ఆ మేరకే తెరుస్తుంది. పైన వేరుగా థర్మోస్టాటిక్ గాలి వెంట్ ఉంటుంది. నీరు వచ్చినంత పోతుంది, గాలి మరో దారిన పోతుంది, ఒకటి మరొకదాని కోసం ఆగదు. లోడు ఒక్కసారిగా పెరిగి తగ్గే చోట దీనికి సాటి లేదు.

లోడు ఎంత ఎగరగలదో చూడండి. జాకెట్‌లో 2,000 కిలోల నీటి లాంటి ద్రవాన్ని గంటలో 30 నుంచి 80 డిగ్రీలకు తేవాలంటే 4,18,000 కిలోజౌళ్లు. 3 బార్ ఆవిరితో గంటకు సగటున 196 కిలోల కండెన్సేట్. బ్యాచ్ చల్లగా ఉన్న మొదటి పావుగంటలో దానికి రెండు, మూడు రెట్లు, చివర్లో అందులో కొంత భాగమే. విడతలుగా వదిలే ట్రాప్‌లు ఈ ఎగుడుదిగుళ్లలో జాకెట్‌ను కొంచెం ముంచి, కొంచెం తేల్చి నడుపుతాయి. టెంపరేచర్ కంట్రోలర్ దానితో ఊగుతుంది.

బలహీనతలు రెండు. ఒకటి, హ్యామర్. నొక్కుకుపోయిన బంతి నీటిలో మునిగిపోతుంది, వాల్వు మూసే ఉండిపోతుంది. రెండోది చాలామందికి తట్టనిది. ప్రతి ఫ్లోట్ ట్రాప్‌కూ 4.5, 10, 14 బార్ అని ప్రెషర్ తేడా పరిమితి ఉంటుంది. అది సీటు రంధ్రం సైజును బట్టి వచ్చినది. 4.5 బార్ ట్రాప్‌ను 7 బార్ లైనుకు బిగిస్తే ఆవిరి ప్రెషర్ వాల్వును సీటుకు నొక్కి పట్టేస్తుంది, బంతి తేలే బలం దాన్ని లాగలేదు. ట్రాప్ చల్లగా, నిండుగా ఉంటుంది. "ఫ్లోట్ పాడైంది" అని పీకేస్తారు, అది మాత్రం నిక్షేపంగా ఉంటుంది. అలాగని అన్ని చోట్లా 14 బార్‌ది పెడితే రంధ్రం చిన్నది కాబట్టి అదే బాడీలో కెపాసిటీ బాగా తగ్గుతుంది. బిల్లులో సైజుతో పాటు ఈ అంకె రాయించుకోండి. బాణం గుర్తు చూసి, బంతి పైకి కిందికి ఆడేలా నిలువు సరిచూసి బిగించాలి.

## ఇన్వర్టెడ్ బకెట్

బోర్లించిన గిన్నెలోకి ఆవిరి చేరితే గిన్నె తేలి వాల్వు మూస్తుంది, నీరు నిండితే మునిగి తెరుస్తుంది. వాల్వు పైన ఉండటం వల్ల చెత్త అడుక్కి చేరి సీటు శుభ్రంగా ఉంటుంది. దెబ్బకు గట్టిది. పాత ఉక్కు లైన్లు, తుప్పు ఎక్కువగా కొట్టుకొచ్చే చోట ఇది చాలాకాలం నిలబడుతుంది.

అయితే గాలి కూడా గిన్నెను తేలుస్తుంది. అది గిన్నె నెత్తిన ఉన్న సన్నటి రంధ్రంలోంచే పోవాలి, కాబట్టి నెమ్మదిగా పోతుంది. ఆటోక్లేవ్, బ్యాచ్ జాకెట్ లాంటి వాటికి వేరే ఎయిర్ వెంట్ లేకుండా దీన్ని పెట్టకండి. లోపల నీటి సీలు ఎప్పుడూ ఉండాలి. హెడర్ ప్రెషర్ ఒక్కసారిగా పడితే ఆ నీరు మరిగి ఆవిరైపోతుంది, గిన్నె మునిగే ఉంటుంది, ఆవిరి నేరుగా పోతుంది. ట్రాప్ ముందు ఎన్.ఆర్.వి. (వెనక్కి పారనివ్వని వాల్వు) పెడితే ఇది చాలావరకు ఆగుతుంది.

## బ్యాలెన్స్‌డ్ ప్రెషర్, బైమెటల్

బ్యాలెన్స్‌డ్ ప్రెషర్ ట్రాప్‌లో నీటికన్నా ముందే మరిగే ద్రవం నింపిన క్యాప్సూల్ ఉంటుంది. ఆవిరి తగిలితే ఉబ్బి మూస్తుంది. మామూలు రకం ఆవిరి వేడికన్నా సుమారు 12 డిగ్రీలు చల్లారాక తెరుస్తుంది. లైను ప్రెషర్ మారినా తెరిచే వేడి దానితో పాటు మారుతుంది, సర్దుబాటు అక్కర్లేదు. గాలి కలిసిన ఆవిరి అసలు వేడికన్నా చల్లగా ఉంటుందని పైన చూశాం కదా, అందుకే ఈ క్యాప్సూల్‌కు గాలి వస్తే వెంటనే తెలుస్తుంది. మంచి ఎయిర్ వెంట్ ఇదే. ఫ్లోట్ ట్రాప్‌లో గాలి కోసం పెట్టేదీ సాధారణంగా ఇదే.

నీరు చల్లారడానికి ట్రాప్ ముందు మీటరు దాకా ఇన్సులేషన్ లేని పైపు వదలాలి. అది కూడా చుట్టేసి "ట్రాప్ నీరు వదలడం లేదు" అనుకునేవాళ్లు కొల్లలు.

బైమెటల్ ట్రాప్‌లో వేడికి వంగే రెండు లోహాల పట్టీ ఉంటుంది. అది దెబ్బలకు, సూపర్‌హీట్‌కు (ఆవిరి మామూలు వేడిని మించి కాగడం) తట్టుకుంటుంది, కానీ నీటిని బాగా చల్లార్చి గానీ వదలదు. ఆయిల్ ట్రేసింగ్, సూపర్‌హీట్ లైనుల డ్రెయిన్, ఇంతే. ఈ ప్రెషర్లలో నడిచే హైదరాబాద్ యూనిట్లు చాలావాటికి దీని అవసరం రాదు.

## మీ పనికి ఏది

ఫార్మా, కెమికల్ రియాక్టర్ జాకెట్లు. ఫ్లోట్ ట్రాపే. కానీ మూడు షరతులున్నాయి.

మొదటిది, ఒకే జాకెట్‌లో ఆవిరి, కూలింగ్ వాటర్, బ్రైన్ (చల్లటి ఉప్పునీరు) మార్చి మార్చి నడిపే యూనిట్లకు. చల్లబరిచిన తర్వాత జాకెట్ అడుగున బ్రైన్ మిగిలి ఉండగా ఆవిరి తెరిస్తే, పైన చెప్పిన బుడగ కూలిపోయే దెబ్బ జాకెట్‌లోనే మొదలవుతుంది. గ్లాస్ లైన్డ్ రియాక్టర్‌కు అది లైనింగ్ మీదికి వస్తుంది. మిగిలిన బ్రైన్ ట్రాప్‌లోకి చేరితే అందులోని క్లోరైడు స్టీలు బంతిని, క్యాప్సూల్‌ను గుంటలు గుంటలుగా తినేస్తుంది. క్రమం ఇలా ఉండాలి: బ్రైన్ వాల్వులు మూయడం, కంప్రెస్డ్ ఎయిర్‌తో జాకెట్‌ను బ్రైన్ ట్యాంకులోకి ఊదడం, అడుగు డ్రెయిన్ తెరిచి చుక్క రావడం ఆగిందో లేదో కళ్లతో చూడడం, ట్రాప్ ఐసొలేషన్ వాల్వు తెరవడం, ఆపై ఆవిరిని కొద్దికొద్దిగా. ఊదిన గాలి జాకెట్ నిండా ఉంటుంది కాబట్టి ఆవిరి దారికి ఎదురుగా, జాకెట్ పైభాగంలో వేరే ఎయిర్ వెంట్ ఉండాలి. ట్రాప్‌లో ఉన్న వెంట్ ఒక్కటే చాలదు.

రెండోది, కంట్రోల్ వాల్వు ఉంటే ప్రెషర్ స్థిరంగా ఉండదు. బ్యాచ్ సెట్ పాయింట్‌కు చేరేకొద్దీ వాల్వు మూసుకుంటూ వస్తుంది, జాకెట్ ప్రెషర్ 3 బార్ నుంచి 0.5కు, ఒక్కోసారి వాక్యూమ్‌కు పడుతుంది. వెనక 0.8 బార్ ఉంటే నీరు కదలదు. జాకెట్ నిండుతుంది, వేడి పడిపోతుంది, కంట్రోల్ వాల్వు పూర్తిగా తెరుచుకుంటుంది, నిలిచిన నీటి మీదికి ఆవిరి దూసుకొచ్చి గుద్దుతుంది. గంటకోసారి వినిపించే ధన్‌మనే శబ్దం ఇదే. ఇక్కడ ఎంత ఖరీదైన ట్రాప్ పెట్టినా లాభం లేదు. కండెన్సేట్‌ను ట్రాప్ నుంచి కిందికి, గాలికి తెరిచి ఉన్న రిసీవర్‌లోకి జార్చి, అక్కడి నుంచి పంపుతో ఎక్కించాలి. లేదా పంపు, ట్రాప్ కలిసిన యూనిట్ పెట్టాలి. డబ్బు ఎక్కడ పెట్టాలో తేల్చుకోలేకపోతే, ఖరీదైన ట్రాప్‌కన్నా ముందు ఈ రిసీవర్‌కు పెట్టండి.

మూడోది, నాలుగు జాకెట్లకు కలిపి ఒకే ట్రాప్ వద్దు. ఎక్కువ ప్రెషర్ ఉన్న జాకెట్ నుంచి వచ్చేది తక్కువ ఉన్నవాటి దారి మూసేస్తుంది. ఒక్కో జాకెట్‌కు ఒక్కో ట్రాప్.

ఆసుపత్రులు, క్లీన్ స్టీమ్. ఆటోక్లేవ్ ఛాంబర్ డ్రెయిన్‌కు 316ఎల్ స్టీలుతో చేసిన, నీరు లోపల మిగలని బ్యాలెన్స్‌డ్ ప్రెషర్ ట్రాప్, నిలువుగా కిందికి పారేలా పెట్టాలి. ఇక్కడ మిగతా అన్నిటికన్నా గాలి పోవడమే ముఖ్యం. ఛాంబర్‌లో గాలి మిగిలితే గేజు సరిగ్గానే ఉంటుంది, స్టెరిలైజేషన్ మాత్రం సరిగ్గా జరగదు. ఆటోక్లేవ్ జాకెట్‌కు ఫ్లోట్ మంచిది.

హాస్టల్, ఆలయ, హోటల్ వంటశాలలు. 1, 2 బార్‌లో నడిచే స్టీమ్ కెటిల్స్‌కు ఫ్లోట్ లేదా బ్యాలెన్స్‌డ్ ప్రెషర్. వంచే కెటిల్‌లో కండెన్సేట్ లోపలి గొట్టం గుండా పైకెక్కి వస్తుంది. ఆ గొట్టంలో ఆవిరి ఇరుక్కుంటే ట్రాప్ మూసేసి ఉండిపోతుంది. దానికి స్టీమ్ లాక్ రిలీజ్ (ఇరుక్కున్న ఆవిరిని వదిలే చిన్న వాల్వు) ఉన్న ఫ్లోట్ ట్రాప్ కావాలి. అడుగు నుంచి నేరుగా జారే కెటిల్‌కు ఈ గొడవ లేదు.

లాండ్రీలు. దుప్పట్లు ఇస్త్రీ చేసే తిరిగే రోలర్లకు పైన చెప్పిన స్టీమ్ లాక్ రకమే. చేతి ప్రెస్సులకు టీడీగానీ బకెట్‌గానీ సరిపోతుంది.

మెయిన్ లైను. టీడీ. తుప్పు ఎక్కువైతే బకెట్.

## ట్రాప్‌కన్నా ముందు పైపు

లైను ఆవిరి పోయే దిశలో 100 మీటర్లకు 1 మీటరు వాలాలి. 30 నుంచి 50 మీటర్లకొక డ్రిప్ పాకెట్, అలాగే ప్రతి రైజర్ అడుగున, కంట్రోల్ వాల్వుల ముందు ఒకటి. ఆవిరికి ఎదురుగా నీరు వెనక్కి రావాల్సిన చోట వాలు 40కి 1 కావాలి, ఆవిరి వేగం సెకనుకు 15 మీటర్లు దాటకూడదు. దాటితే నీరు వెనక్కి రాలేదు, స్లగ్ అక్కడే కడుతుంది.

100 మి.మీ. దాకా లైనుకు పాకెట్ కూడా అదే సైజు ఉండాలి. అరంగుళం పైపును లైను అడుగున వెల్డ్ చేసి ట్రాప్ పెట్టడం చాలాచోట్ల కనిపిస్తుంది. సెకనుకు 30 మీటర్ల వేగంతో పోయే ఆవిరి ఈడ్చుకెళ్లే పాయ ఆ చిన్న కన్నం మీదుగా దాటుకునిపోతుంది, అందులో పడేది కొంచెమే. ట్రాప్ బాగానే ఉంటుంది, దాని దాకా నీరే రాదు.

బ్రాంచి లైన్లు పైనుంచి తీయాలి. సైజు తగ్గించే చోట అడుగు సమంగా ఉండే ఎక్సెంట్రిక్ రెడ్యూసర్ వాడాలి. మామూలు కాన్సెంట్రిక్ అయితే దాని ముందు నీటి మడుగు కడుతుంది. ఆవిరి లైను స్ట్రైనర్ బుట్టను కిందికి కాక పక్కకు తిప్పి బిగించాలి, కిందికి ఉంటే అదే ఒక మడుగు. ట్రాప్ నుంచి వెళ్లే పైపు రిటర్న్ హెడర్ పైభాగంలో కలవాలి. 7 బార్ కండెన్సేట్ బయటికి రాగానే బరువులో సుమారు 13 శాతం ఫ్లాష్ ఆవిరిగా మారుతుంది. రిటర్న్ లైనును నీటికే లెక్కకట్టి సన్నగా వేస్తే అందులోనే స్లగ్‌లు, దెబ్బలు మొదలవుతాయి.

బోరు నీళ్లతో నడిచే బాయిలర్లలో టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాలు) అదుపు తప్పితే డ్రమ్ములో నురుగు లేచి నీరే ఆవిరితో పాటు కొట్టుకొస్తుంది. ఒక్కరోజులో అన్ని ట్రాప్‌లూ చెడినట్టు కనిపిస్తే ముందు బ్లోడౌన్ (బాయిలర్ నీటిని కొంత బయటికి వదలడం) రికార్డు చూడండి.

ప్రెషర్ చదరపు సెంటీమీటరుకు 3.5 కేజీ దాటిన ఆవిరి లైను ఐ.బి.ఆర్. (ఇండియన్ బాయిలర్ రెగ్యులేషన్స్) పరిధిలోకి వస్తుంది. ఆ లైన్ల మీద పెట్టే ట్రాప్, వాల్వులకు ఫారం 3-సి సర్టిఫికెట్ అడిగి తీసుకోవాలి, దానిలోని నంబరు బాడీ మీద ఉన్నదానితో సరిపోవాలి.

## బిగించాక చూసుకోవడం

టెంపరేచర్ గన్ ఒక్కదాన్నే నమ్ముకుంటే పొరపడతారు. పనిచేసే ట్రాప్ వెనకా ఫ్లాష్ ఆవిరి 100 డిగ్రీల దగ్గర్లో ఉంటుంది, లీకయ్యే ట్రాప్ వెనకా దాదాపు అంతే. గన్ పట్టేది చల్లబడి మూసుకుపోయిన ట్రాప్‌ను. లీకును పట్టాలంటే అల్ట్రాసోనిక్ పరికరమో, ట్రాప్ తర్వాత సైట్ గ్లాసో కావాలి. టీడీ అయితే లిజనింగ్ రాడ్ ఆనించి వింటే చాలు. కొట్టుకోవడానికి మధ్య ఖాళీ ఉంటే మంచిది, ఖాళీ లేకుండా టకటకమంటే డిస్కు, సీటు విప్పి చూడాలి.

సీటు దగ్గర 3 మి.మీ. కన్నం తెరుచుకుపోతే 7 బార్‌లో గంటకు 29 కిలోల దాకా ఆవిరి పోతుంది. ఇరవై నాలుగు గంటలూ నడిచే యూనిట్‌లో నెలకు 20 టన్నులు. నీరు కూడా అదే దారిన పోతుంది కనుక అసలు నష్టం కొంత తగ్గుతుంది. మీ ఆవిరి కిలో ధరతో హెచ్చించి చూస్తే మరమ్మతు ఎంత తొందరో తెలుస్తుంది.

లిస్టు తయారు చేసేటప్పుడు ఒక్కో ట్రాప్‌కు చిన్న రేకు ముక్క కట్టి, దాని మీద నంబరు, రకం, ప్రెషర్ తేడా పరిమితి, బిగించిన తేదీ పంచ్ చేయించండి. బైపాస్ ఉన్న ట్రాప్‌లకు బైపాస్ మూసి ఉందో లేదో అదే లిస్టులో ఒక కాలమ్‌గా రాయాలి. ప్రతి షిఫ్టు మార్పులో చూడాల్సిన మొదటి కాలమ్ అదే.